స్కార్ఫు కప్పిన తెర

మా ల్యాబు సీనియర్ అక్క వీడియోలను చూడకుండానే పరీక్షించేది. తార్నాక నుంచి క్యాంపస్‌కు నడిచొచ్చి, ఎండకు ముఖానికి కట్టుకున్న స్కార్ఫు విప్పి, బొమ్మ ఆడే తెర మీద కప్పేసేది. పక్క తెర మీది అంకెలే ఆమెకు లోకం. నేను రాసిన డీకోడర్ ప్రోగ్రాము కుదించిన వీడియోను విప్పుతుంటే ప్రతి ఫ్రేముకూ ఒక సంఖ్య వచ్చేది. అది ఆ వీడియో పద్ధతికి ప్రమాణం రాసినవాళ్లు ఇచ్చిన సరైన సంఖ్యతో అచ్చంగా కలవాలి.

“బొమ్మ మంచిగనే ఉన్నది గదక్కా?” అని బతిమాలేవాణ్ని.

“కండ్లు మాఫ్ జేస్తయ్ తమ్మీ. లెక్క జెయ్యది.”

మూడు నెలలు ఒకే వీడియోలో, ఒకే ఫ్రేము దగ్గర ఫెయిలయ్యాను. చివరికి ఒక మధ్యాహ్నం అన్నీ కలిశాయి. అక్క మెల్లగా స్కార్ఫు తీసి, ఆ వీడియోను మొదటిసారి చూసింది.

“అరె, గిండ్ల కుక్కపిల్ల ఉన్నదా? మల్ల పెట్టు!”