జానెడు కిందికి కట్టిన నెట్టు

మా లీగు ఉత్తరాల కాగితం మీద పైన "క్రీడల ద్వారా స్నేహం" అని అచ్చు వేసి ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ కాగితం మీదే ఒకరి మీద ఒకరం ఫిర్యాదులు రాసుకుంటున్నాం. తార్నాక, వారాసిగూడ, మౌలాలి, గోల్నాక, క్యాంపస్ హాస్టళ్ళు, మొత్తం ఐదు క్లబ్బులు. వీటి మధ్య ఉన్న పగ పక్కన పెడితే నాకు తెలిసిన దాయాదుల తగాదాలన్నీ పెళ్ళిచూపుల్లా కనిపిస్తాయి. మౌలాలి కెప్టెన్ ఒకసారి గోల్నాక కెప్టెన్ ఇంట్లో పెళ్ళికి వెళ్ళి, మూడుసార్లు వడ్డించుకుని తిని, బగారా అన్నంలో ఉప్పు తక్కువైందని మర్నాడు కమిటీకి లిఖితపూర్వకంగా రాశాడు. కమిటీ దాన్ని విచారణకు స్వీకరించింది కూడా.

ఈ లీగు పెట్టింది రిటైరైన ఒక పీటీ మాస్టారు. ఆయన విజిల్ ఊదితే మౌలాలి గుట్ట మీద పావురాలు లేచేవని అంటారు. లేచేవి, నేను చూశాను. ఆయన పెట్టిన మొదటి నియమానికి సగం సికింద్రాబాద్ ఆయన్ని తిట్టింది. ఏ క్లబ్బయినా రెండు జట్లు తేవాలి, మగవాళ్ళకు వాలీబాల్, ఆడవాళ్ళకు త్రోబాల్. ఏ ఆట గెలిచినా రెండు పాయింట్లే. రెండూ కలిపి ఎవరికి ఎక్కువొస్తే ఆ క్లబ్బుకు షీల్డు. ఆడపిల్లల జట్టు లేని క్లబ్బుకు గ్రౌండులో చెప్పులు విడిచే చోటు కూడా ఇవ్వలేదాయన. దాంతో మీసాలు తిప్పే వీరులంతా ఇళ్ళకు పోయి చెల్లెళ్ళ కాళ్ళు, వదినల కాళ్ళు, చివరికి అద్దెకున్నవాళ్ళ అమ్మాయిల కాళ్ళు కూడా పట్టుకున్నారు. బంతి అంటే బంతిపువ్వే అనుకునే వాళ్ళు సైతం నెలలో త్రోబాల్ నేర్చారు. రెండు నెలల్లో అన్నలకంటే బాగా ఆడారు. లీగులో అసలు గొడవ అక్కడ మొదలైంది.

నెట్టు ఒకటే ఉండేది. వాలీబాల్‌కు ఎత్తుగా కట్టాలి, త్రోబాల్‌కు జానెడు కిందికి కట్టాలి. మాస్టారు క్యాంపస్ గ్రౌండులో రెండు ఇనుప పోల్సు పాతించి, ఒక్కో పోలుకు రెండేసి కొక్కేలు వేయించారు. ఎండ ముదరకముందే ఆడవాళ్ళ ఆట జరిగేది. అది అవగానే ఓడిన క్లబ్బు మగవాళ్ళే వచ్చి నెట్టును పై కొక్కేలకు ఎక్కించాలి. అది ఆయన పెట్టిన ఆచారం. అక్కాచెల్లెళ్ళు ఓడితే అన్నదమ్ములు వంగాలన్నమాట. ఆ జానెడు నెట్టు ఎక్కించడానికి మగాళ్ళు పడ్డ అవమానం చూస్తే, శివధనుస్సు ఎత్తలేక తిరిగెళ్ళిన రాజులు నయమనిపించేది.

నేను స్కోరు రాసేవాణ్ణి. బంతి నా వైపు వస్తే పెద్దమనిషిలా దారి ఇచ్చే స్వభావం నాది కాబట్టి ఆడించలేక పెన్ను ఇచ్చారు. అప్పట్లో క్యాంపస్ హాస్టల్లో ఉండి ఎమ్మే చదివేవాణ్ణి. ఎంతకాలం చదివానంటే, నా తర్వాత చేరినవాడొకడు చివరికి నాకే పాఠం చెప్పాడు.

మాస్టారు పోయిన మరుసటి ఏడు ఫైనల్ క్యాంపస్‌కూ వారాసిగూడకూ పడింది. అప్పటికి రెండు క్లబ్బులకూ పాయింట్లు సమానం. వారాసిగూడ అమ్మాయిల కెప్టెన్‌కు పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఆమె అన్నే వాళ్ళ మగ జట్టుకు కెప్టెన్. ఆ అమ్మాయి బంతిని విసిరినట్టు కాదు, అప్పగించినట్టు ఉండేది, అవతలివాళ్ళు అందుకోలేని చోట. మా హాస్టల్ అమ్మాయిలు ఓడిపోయారు. నేను గొడుగు కింద కూర్చుని ఆ స్కోరు చక్కగా రాసుకున్నాను.

ఇప్పుడు నెట్టు ఎక్కించాల్సింది మా క్యాంపస్ మగవాళ్ళు. మా కెప్టెన్ కదల్లేదు. మా అమ్మాయిలు విసిరిన ఆఖరి బంతి బయట కాదు, గీత మీదే పడిందనీ, ఓటమిని తాను ఒప్పుకోననీ, ఒప్పుకోని ఓటమికి నెట్టు ఎక్కించడం ఎక్కడా లేదనీ వాదించాడు. వారాసిగూడ అన్న కూడా కదల్లేదు. గెలిచినవాడు నెట్టు ముట్టుకుంటే వంశానికే మచ్చ అన్నాడు. రిఫరీ గోల్నాక మనిషి. రెండు క్లబ్బులూ సమానంగా గిట్టవు కాబట్టి, నెట్లు కట్టడానికి తాను రాలేదని చెప్పి నీడలో కూర్చున్నాడు. అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. మధ్యలో నా గడ్డం కొంత పెరిగింది. క్రికెట్ ఆడేవాళ్ళు వచ్చి గ్రౌండ్ ఖాళీ చేయమని అరవడం మొదలుపెట్టారు. రిఫరీ లేచి, విసుగ్గా విజిల్ ఊదాడు.

అంతే, మగవాళ్ళ ఫైనల్ ఆడవాళ్ళ నెట్టు మీద జరిగిపోయింది. కింది కొక్కేనికి కట్టిన నెట్టుకు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, అందరూ గదలు పట్టిన భీములైపోయారు. జీవితంలో నెట్టు అవతలికి తల కనిపించని పొట్టివాడు కూడా ఆ రోజు మోచేతి దాకా పైన ఉంచి బాదాడు. బంతులు నేలలోకి దిగి బావులు పడతాయేమో అనిపించింది. తాను ఇంత గొప్ప ఆటగాడినని ఇన్నాళ్ళూ తెలియనందుకు ఒక్కొక్కడి కళ్ళలో నీళ్ళు. ఆ ఆట మా క్యాంపస్ గెలిచింది.

సాయంత్రానికి వారాసిగూడ వాళ్ళు నెట్టు తక్కువ ఎత్తులో ఉందని ఫిర్యాదు చేశారు. దాంతో మగవాళ్ళ ఆట చెల్లదని కమిటీ తేల్చింది. అక్కడితో ఆగితే లెక్క తేలికే. ఆడవాళ్ళ ఆట సరైన ఎత్తులోనే జరిగింది కాబట్టి దాని రెండు పాయింట్లతో షీల్డు వారాసిగూడకు పోవాలి. ఈ సంగతి అందరికంటే ముందు వారాసిగూడ మగవాళ్ళకే తట్టింది. తట్టి, ముఖాలు మాడ్చుకున్నారు. చెల్లెళ్ళు తెచ్చిన షీల్డు పట్టుకుని చిలకలగూడ మీదుగా ఊరేగింపు తీయడం కంటే షీల్డు లేకపోవడమే గౌరవమని వాళ్ళే అన్నారు. మావాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. "ఆ రోజు ఆటలు జరగలేదు" అని కమిటీ ఒక్క వాక్యం రాయించింది. రాసింది నేను, కింద సంతకం కూడా నాదే. మా లీగు చరిత్రలో రెండు క్లబ్బులు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్కసారే.

ఇది జరిగి ఇరవై ఏళ్ళ పైమాటే. ఈమధ్య లీగు వాళ్ళు సావనీర్ వేస్తామని, అందులో చరిత్ర రాయమని నన్నడిగారు. అడిగినవాడు ఇప్పటి కార్యదర్శి, అంటే ఆ రోజు నెట్టు ఎక్కించని మా క్యాంపస్ కెప్టెనే. ఇప్పుడు తార్నాకలో స్థిరపడ్డాడు. పొట్ట మాత్రం ఇంకా స్థిరపడలేదు, ఏటేటా ముందుకు జరుగుతోంది.

ఒక పొద్దున క్యాంపస్‌లో నడుస్తుంటే ఆనాటి వారాసిగూడ అమ్మాయిల కెప్టెన్ ఎదురొచ్చింది. వారాసిగూడలో ఏదో బడిలో పీటీ టీచర్‌గా పనిచేస్తోందని, సాయంత్రాలు ఆడపిల్లలకు త్రోబాల్ నేర్పుతోందని విన్నాను. మెడలో విజిల్ వేలాడుతోంది. నమస్కారం పెట్టలేదు.

"సార్, లీగు చరిత్ర మీరే రాస్తున్నరంట?"

అవునండీ అన్నాను.

"మా ఫైనల్ అయిన ఏడు గురించి ఏం రాసిన్రు?"

రికార్డులో ఉన్నదే రాశానని, ఆటలు జరగలేదని ఉందని, చెట్ల వైపు చూస్తూ చెప్పాను.

"మరి నేను ఆడింది ఏంది? గొడుగు కింద కూసోని నువ్వు రాసింది ఏంది?"

మీరు నుంచి నువ్వుకు దిగడానికి ఆమెకు మూడు మాటలు పట్టాయి. నేనయితే మొదటి మాటలోనే దిగేవాణ్ణి. మీ అన్నగారే ఒప్పుకున్నారు కదమ్మా అని గొణిగాను.

"మా అన్న సంగతి నాకెరుక. గా దినం నుంచి ఆయన నాతోని ఆ ముచ్చట తియ్యడు. నేను నిన్ను అడుగుతున్న."

తర్వాత అసలు విషయం చెప్పింది. వచ్చే ఆదివారం కమిటీలో త్రోబాల్ తీసేయడానికి ఓటు పెడుతున్నారు. కార్యదర్శి చూపే కారణం ఒకటే. ఇన్నేళ్ళలో ఆడవాళ్ళ పాయింట్ల మీద ఒక్క షీల్డు కూడా రాలేదు కాబట్టి ఆ ఆటకు పొద్దున రెండు గంటలు దండగ. ఆమె దగ్గర పద్నాలుగు మంది పిల్లలున్నారు. లీగులో ఉన్నారు కాబట్టే క్యాంపస్ గ్రౌండులోకి రానిస్తున్నారు. త్రోబాల్ పోతే వాళ్ళు ఇంటి ముందు సందులో, ఆటోల మధ్య ఆడుకోవాలి.

"వచ్చింది ఒక్క షీల్డు. అది గూడ రాలేదని నువ్వు సంతకం పెట్టినవ్" అని వెళ్ళిపోయింది.

ఈ మాటతో నాలో ధర్మం మేల్కొందని రాస్తే నాకు గౌరవంగా ఉంటుంది. మేల్కొనలేదు. ఇంటికి వచ్చి ఉప్మా తిన్నాను. ఆ రోజు గురించి నేను అప్పటికే మూడు పేజీలు రాసి ఉంచాను. నెట్టు దగ్గర పంతం, భీములు, గదలు, బావులు అన్నీ ఉన్నాయి. ఒక్క త్రోబాల్ ఫలితం మాత్రమే లేదు. కార్యదర్శి వచ్చి ఆ మూడు పేజీలనూ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

"ఇవన్ని ఏంది భాయ్? జరగలేదని ఒక్క లైన్ రాయి, అయిపోతది" అన్నాడు. పోతూ పోతూ, నా భాషలో మసాలా ఎక్కువైందని కూడా అన్నాడు.

నిజం కోసం కాదు, ఆ భీముల కోసం నాకు నెత్తురు మరిగింది. నా మొహం మీద ఉమ్మినా తుడుచుకుంటాను. నా వర్ణన మీద గీత పెడితే మాత్రం ఏడు తరాలు గుర్తుంచుకుంటాను. రాత్రి దాకా ఆగకుండా అప్పటికప్పుడే అటక మీది పెట్టె దింపి, పాత స్కోరు బుక్కు తీశాను. త్రోబాల్ స్కోరు నా చక్కటి చేతిరాతలో అలాగే ఉంది. ఆ పేజీ చివర ఆమె సంతకం కూడా ఉంది, గెలిచిన కెప్టెన్‌గా. నాకంటే ఒత్తి పెట్టింది, కింది కాగితం మీద కూడా అచ్చు పడింది.

ఆదివారం తార్నాక చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపు పై గదిలో మీటింగు. ఐదు క్లబ్బులకు ఐదు ఓట్లు. వారాసిగూడ ఓటు ఆమెది కాదు, వాళ్ళన్నది. ఆమె గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వాళ్ళన్న ఆమెకు వీలైనంత దూరంగా, అంటే ఆ గదిలో ఆరడుగుల దూరంలో కూర్చున్నాడు.

చరిత్ర చదవమన్నారు. కొట్టేసిన మూడు పేజీలు చదివాను, స్కోరు కలిపి చదివాను. ఆడవాళ్ళ ఆట జరిగిందని, వారాసిగూడ గెలిచిందని, షీల్డు వాళ్ళదని, జరగలేదని రాసిన చెయ్యి నాదేనని చెప్పాను. వారాసిగూడ మగవాళ్ళు ఆ షీల్డు ఎందుకు వద్దన్నారో కూడా చదివాను. అక్కడ వాళ్ళన్న లేచాడు.

"నువ్వు కిందికి రా. మాట్లాడుదాం" అన్నాడు నాతో.

కార్యదర్శి బల్ల చరిచి ఓటు పెట్టాడు. త్రోబాల్ తీసేయాలని క్యాంపస్, తార్నాక చేతులెత్తాయి. ఉంచాలని మౌలాలి, గోల్నాక ఎత్తాయి. ఆడపిల్లల మీద ప్రేమతో కాదు, క్యాంపస్‌కు ఏది ఇష్టమో అది తమకు విషం కాబట్టి. మిగిలింది వారాసిగూడ. వాళ్ళన్న చేతులు కట్టుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. విజిల్ తాడును వేలికి చుట్టి విప్పుతోంది. ఓటు వేయనని ఆయన అనేసినా సరిపోయేది, సమానమైతే కార్యదర్శి మాటే చెల్లుతుంది.

కార్యదర్శి ఆగి ఉంటే గెలిచేవాడు. మనిషి నోరు ఆగదు కదా.

"ఏమయ్య, ఇప్పుడు ఆ షీల్డు కావాల్నా? చెల్లె కొంగు పట్టుకోని తీస్కపో" అన్నాడు.

వాళ్ళన్న మెడ నరాలు రెండూ పైకి లేచాయి, ఒక్కొక్కటి బావితాడంత.

"తీస్కపోత" అన్నాడు. "మా చెల్లె గెల్చింది. త్రోబాల్ ఉంటది. రాసుకో." చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి చాలాసేపు అలాగే ఉంచాడు.

త్రోబాల్ నిలిచింది. సావనీర్‌లో నా చరిత్ర వేసేది లేదని కార్యదర్శి అక్కడే ప్రకటించాడు. నన్ను చరిత్రకారుడి పదవి నుంచి తీసేస్తున్నట్టు కూడా చెప్పాడు. ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. స్కోరు బుక్కు తెరిచి, తన సంతకం ఉన్న పేజీని ఫోనుతో ఫొటో తీసుకుంది.

"ఇన్నేండ్లకు చెప్పినవని థాంక్స్ అంటననుకుంటున్నవా?"

లేదన్నాను.

"మంచిది" అని, మెట్లు దిగుతూనే ఎవరికో ఫోన్ చేసి, రేపు ఐదున్నరకే గ్రౌండులో ఉండాలని, ఒక్క నిమిషం లేటైనా పది రౌండ్లు పరుగెత్తిస్తానని చెప్పడం వినిపించింది.

నన్ను కిందికి రమ్మన్న మనిషి నిజంగానే కింద ఉంటాడని నాకు నమ్మకం. అందుకని కిటికీ దగ్గర నిలబడి చూశాను. వాళ్ళన్న స్కూటర్ స్టార్ట్ చేసి పెట్టుకుని ఉన్నాడు. ఆమె వచ్చింది, ఎక్కలేదు, బస్‌స్టాప్ వైపు నడిచింది. ఆయన ఒకసారి పైకి, నా కిటికీ వైపు చూశాడు. తర్వాత స్కూటర్ ఆపేసి, దాన్ని తోసుకుంటూ ఆమె వెనకే వెళ్ళాడు. వాళ్ళు చౌరస్తా దాటేదాకా ఆగి, నేను మెట్లు దిగి రెండో వైపు నడిచాను.