భూంరావు సారు ఎర్ర పెన్సిల్

కరీంనగర్‌లో ఆ జూనియర్ కాలేజీ వరండాలో భూంరావు సారు నడిచొస్తుంటే ఆయన కంటే ముందు జర్దా వాసన వస్తుంది. ఇంటర్ పిల్లలకు ఉపవాచకంగా పెట్టిన నేతగాళ్ల నవలను ఆయన డెబ్బై నాలుగు నుంచీ ఏటా చెబుతున్నాడు. చదివినట్టు మాత్రం ఎవరికీ అనిపించదు. పాన్ నములుతూ, వేలికి ఎర్రటి ఉమ్మి అద్దుకుని పేజీ తిప్పుతాడు. ఉపమ కనబడితే ఎర్ర పెన్సిల్‌తో గీత, రూపకం కనబడితే సున్నా. నవలలో పసిపాప చచ్చిపోయే పేజీ నిండా గీతలూ సున్నాలే. ఆ పేజీ అంటే ఆయనకు ప్రాణం. "గీ ఒక్క పేజీల ఆరు అలంకారాలున్నయి" అని పెదాలు నాక్కుంటాడు.

మొన్న "అతడు దగ్గితే నూలు పోగులు పడ్డాయి" అన్న వాక్యం దగ్గర ఆగి, "అతిశయోక్తి. రాసుకోండి" అన్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే రాజమణి లేచి నిలబడింది. వాళ్ల నాన్న మరమగ్గాల మీద పనిచేస్తాడు.

"అతిశయోక్తి కాదు సార్. మా బాపు దగ్గితే తెమడల నూలు పోగులే పడ్తయి. ఇంటికి పోయినప్పుడు ఆయన తువ్వాల ఉతికేది నేనే."

సారు నమలడం ఆపాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"శభాష్! ఉన్నది ఉన్నట్టు చెప్తే స్వభావోక్తి. ఇన్నేండ్ల నుంచి నాకు మంచి ఉదాహరణే దొరకలే."

కిటికీలోంచి బయటికి ఉమ్మేసి వచ్చి, ఆ పిల్ల మాటలను పొల్లుపోకుండా బోర్డు మీద రాసి, కింద గీత కొట్టాడు. అందరూ నోట్సులోకి ఎక్కించుకున్నారు. రాజమణి కూడా రాసుకుంది. రెండు మార్కుల ప్రశ్న, తప్పకుండా వస్తుందన్నాడు సారు.