ఘాటు రాని మిరపకాయలు

దయ్యాలు, దిష్టి అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. నా బడి చదువు అయిదో తరగతితో ఆగింది. తర్వాతదంతా పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నది. అందులో సగం ఇలాంటి మాటల మీద తగువు పెట్టుకోవడానికే ఖర్చయింది. అయినా ఇది రాస్తున్నాను. జరిగింది నా కళ్లముందే మరి.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మిరప వేస్తాం. ఎవరైనా జబ్బుతో ఆసుపత్రికి బయల్దేరితే, ఇంటి ఆడవాళ్లు కళ్లంలోని ఎండుమిరపకాయలు, రాళ్ల ఉప్పు గుప్పిట పట్టి, మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు లేచి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. రాకపోతే గట్టిగా తగిలినట్టు.

మా నాన్నకు సుగర్. పుండు మానక, కాలు తీయించడానికి గుంటూరు తీసుకెళ్లిన రోజు అమ్మ ఇలాగే తిప్పి వేసింది. ఘాటు రాలేదు. నిప్పులు ఆరిపోయి ఉంటాయన్నాను నేను. నాన్న తిరిగి రాలేదు.

తమ్ముడు వెంకట్రావుకీ అదే జబ్బు. ఇన్సులిన్ పొడుచుకుంటున్నా దిగదు. చొక్కా గుండీలు పట్టనంత పొట్ట. దాన్ని చూసి ఊళ్లో లక్ష్మీకళ అనేవాళ్లు. వాళ్లను కొట్టాలనిపించేది నాకు. కిందటేడు వాడి బొటనవేలి మీద పుండు లేచింది. మానలేదు. ఇంట్లో అందరికీ నాన్న కాలే గుర్తొచ్చింది. డాక్టరు బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోమన్నారు. పొట్ట మీది కొవ్వు కోసి తీయడం కాదట అది. జీర్ణాశయాన్ని చిన్నది చేసి, తిండి వెళ్లే దారి మళ్లించడమట.

బయల్దేరే సాయంత్రం తమ్ముడి భార్య రమణ పళ్లెంలోంచి గుప్పెడు తీసి తిప్పి వేసింది. కాయలు నల్లగా మాడాయి. పొగ లేచింది. ఒక్కరూ దగ్గలేదు.

"బావగారూ, వద్దండి. మామయ్యగారికీ ఇట్టాగే అయిందంటగా," అంది.

"మిరపకాయని అడిగి ఆపరేషన్ చేయిస్తామా?" అని అరిచాను. అదే పళ్లెంలోంచి మరో గుప్పెడు తీసి, ఎవరికీ తిప్పకుండా నిప్పుల్లో పోశాను. క్షణంలో అందరం దగ్గుకుంటూ వీధిలో పడ్డాం.

"ఒరేయ్, మమ్మల్ని కూడా చంపుతారేంట్రా!" అని పక్కింటాయన గోడ మీంచి తిట్టాడు.

తమ్ముడొక్కడే నవ్వాడు. "అన్నయ్యా, నా వాటా ఘాటు కూడా నువ్వే పీల్చేశావు."

ఆసుపత్రిలో కూర్చున్నంతసేపూ నాకు భయం కూడా వేయలేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు ఎవరివో అన్నట్టున్నాయి.

తమ్ముడు బాగానే బయటపడ్డాడు. పొట్ట ఇంకా పొట్టలాగే ఉంది, సుగర్ మాత్రం కొద్దిరోజుల్లోనే దిగింది. డాక్టరే ఇన్సులిన్ తగ్గిస్తూ వచ్చి ఆపించారు. ఇదెట్టా అని అడిగాను. తిండి దారి మారితే పేగులు పంపే సంకేతాలు మారతాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది అన్నారు. కాలేయంలో, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు ఆ తర్వాత మెల్లగా కరుగుతుందట. అందరికీ ఒకేలా ఉండదు, సుగర్ మళ్లీ రానూ వచ్చు అని కూడా చెప్పారు. అర్థమైంది. ఇందులో వింతేమీ లేదు.

పుండు మానింది. తమ్ముడు పొలం దాకా నడుస్తున్నాడు. కొత్త కాయలు కళ్లానికొచ్చాక రమణ మళ్లీ తిప్పి వేసింది. ఈసారి ముక్కులు పగిలే ఘాటు. ఆమె దగ్గుతూనే ఏడ్చింది.

"ఇప్పుడు అన్నయ్యకు తిప్పవే. ఆసుపత్రి చుట్టూ తిరిగింది ఆయనేగా," అన్నాడు తమ్ముడు. వద్దన్నాను. వినలేదు.

అవే నిప్పులు, అదే పళ్లెం. కాయలు మాడాయి. ఎవరూ దగ్గలేదు. తమ్ముడి ముఖంలో నవ్వు ఆగిపోయింది.

నేను ఎండుకట్టెలా ఉంటాను. మర్నాడు పరగడుపున వెళ్లి రక్తం ఇచ్చాను. మిరపకాయ మాట నమ్మి కాదు, ఇంట్లోవాళ్ల నోరు మూయించడానికి. సుగర్ ఉంది. అదీ చాలా ఉంది. సన్నగా ఉన్నామని మోసపోకూడదు, కొందరికి కొవ్వు పైకి కనపడదు, లోపల పేగుల చుట్టూ చేరుతుంది అన్నారు డాక్టరు. అదీ అర్థమైంది.

అర్థం కానిది ఆ కాయల సంగతే. తేమ అనుకున్నాను, గాలి అనుకున్నాను, మిరప మధ్య బతికి మా ముక్కులు మొద్దుబారాయనుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. దిష్టిని మాత్రం నమ్మను.

మాత్రలు వేసుకుంటున్నాను. సాయంత్రం రమణ గుప్పిట్లో కాయలతో వస్తే ఇప్పుడు అరవడం లేదు. కుర్చీలో కూర్చుని, ఎవరైనా దగ్గుతారేమోనని చూస్తుంటాను.

ఇంకా ఎవరూ దగ్గలేదు.