డ్రమ్ము కట్టెలు లేని వారం

పీర్ల పండగ దగ్గర పడితే నంద్యాలలో మా వీధి చివర తప్పెట్లు కాచుకుంటారు. వరిగడ్డి మంట చుట్టూ తప్పెట్లను వాల్చి, మధ్యమధ్య వేలితో మీటి చూసుకుంటూ వాళ్లు కూర్చుంటే, వేడెక్కిన తోలు వాసన పొగతో కలిసి మా వరండాదాకా వస్తుంది. ఇంట్లోవాళ్లు కిటికీలు మూస్తారు. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటాను. డెబ్బయ్యో దశకం చివర్లో, ఆళ్లగడ్డ ఆడపిల్లల బడిలో, మెడకు సైడ్ డ్రమ్ము తగిలించుకున్న పదమూడేళ్ల పిల్లను ఆ వాసన ఒక్క క్షణంలో నా ముందు నిలబెడుతుంది.

మా బ్యాండులో నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము ఉండేవి. పెద్ద డ్రమ్ము మార్తమ్మది. చర్చి పక్క ఇళ్లలో ఉండేది, వాళ్ల నాయన చేలల్లో కూలికి పోయేవాడు, మా అందరికంటే జానెడు పొడుగు, మాట మాత్రం తక్కువ. నేను కాస్త పొలం పుట్రా ఉన్న ఇంటి పిల్లను. ఆడపిల్ల మెడలో డోలేందని మా అవ్వ నెలరోజులు సణిగింది. తోలు ముట్టిన చేతులు పెరట్లో కడుక్కుంటే తప్ప వంటింట్లోకి రానిచ్చేది కాదు.

మాకు నేర్పినాయన డ్రిల్లు సారు. ఉన్న డ్రమ్ములు చినిగిపోతాయని, పాత సైకిల్ ట్యూబును చెక్కపలకలకు బిగించి, చెనిక్కాయలు పీకే కాలం మొదలుకొని చలి ముదిరేదాకా రోజూ సాయంత్రం మాచేత వాటి మీదే కొట్టించేవారు. కట్టెను కోడిగుడ్డులా పట్టుకోవాలి, నొక్కితే పగులుతుంది, వదిలేస్తే పడుతుంది అనేవారు. నా ఎడమచెయ్యి ఒట్టి సోమరిది. దానికి పని నేర్పడానికి నీళ్లు చేదేటప్పుడూ, ఇల్లు ఊడ్చేటప్పుడూ ఎడమచేతినే ముందు పెట్టమన్నారు. వరస గుర్తుండటానికి మాటలు కూడా కట్టారు: జొన్నరొట్టె, జొన్నరొట్టె, పప్పూ, కారెం. నోటితో అనుకుంటూ కొడితే దెబ్బ తప్పేది కాదు కానీ, బడి వదిలాక ఆకలి మీద ఉన్న మాకు పప్పు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగేది కాదు.

నా చేతులు అందరికంటే ముందు దారికొచ్చాయి. చిక్కు కూడా అక్కడే వచ్చింది. మొదటి ఏడాది నంద్యాలలో బడుల కవాతు పోటీకి వెళ్లినప్పుడు, మైదానం మూల మలుపులో నేను ఉత్సాహం పట్టలేక దెబ్బను పరుగెత్తించాను. ముందు వరసలు ఒక కాలు, వెనక వరసలు ఇంకో కాలు వేసి, కుక్క జొరబడిన గొర్రెల మందలా చెదిరిపోయాయి. చుట్టూ ఉన్న జనం నవ్వారు. తిరుగు బస్సులో, మార్తమ్మ ఎద్దుబండి నడకలా కొట్టబట్టే ఇలా అయిందని, ఆమెకు వినపడేటట్టే అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మరుసటి ఏడాది పోటీ నెలరోజులుందనగా సారు నన్ను పక్కకు పిలిచారు.

"నువ్వు బాగా కొడతాండావ్ పాపా. అయితే ఒక్కదానివే కొడతాండావ్."

నా కట్టెలు తీసుకుని, వారంరోజులు మార్తమ్మ పక్కన ఊరికే నడవమన్నారు. రెండురోజులు ఏడుపు మింగుకుంటూ నడిచాను. వాన వెలిసిన నల్లరేగడి మైదానం, అడుగేస్తే చెప్పంత మట్టి కాలికి అంటుకుని పైకి లేచేది. మూడోరోజు వెనక వరసలో ఆరో తరగతి పిల్ల ఒకతె అడుగు అందక ఎగిరెగిరి నడుస్తుంటే, మార్తమ్మ తల తిప్పకుండానే దెబ్బను పిసరంత సాగదీసింది. ఆ పిల్ల కాలు అందరితోపాటు నేలకు ఆనింది. ఎట్లా తెలిసిందని అడిగాను.

"కాళ్ల సప్పుడు ఇనపడతాంది గదా. నువ్వు నీ కట్టెల సప్పుడే ఇంటాండావ్."

అరవైమంది కాళ్లు ఆమె దెబ్బను పట్టుకుని నడుస్తున్నాయని, ఆ కాళ్లను పట్టుకుని ఆమె నడుస్తోందని అప్పుడు తెలిసింది. పోయిన ఏడాది తప్పు నాదేనని గొణిగాను. "తెలుసులే, నడువు" అంది.

పోటీనాడు నంద్యాలలో తెల్లారినా మంచు వీడలేదు. బస్సు టాపు మీద తడిసిన డ్రమ్ములు గోనెసంచి మీద కొట్టినట్టు పలికాయి. సారు ముఖం వాడిపోయింది. మార్తమ్మ మాత్రం మైదానం బయట ఉగ్గాని, బజ్జీలు అమ్మే ఆమె దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఆమె మొదట కసిరినా, చివరికి మూకుడు దించి పొయ్యి మాకు వదిలింది. కాగిన నూనె వాసన, తోలు వాసన కలిసిన ఆ పొగలో డ్రమ్ములు ఒక్కొక్కటే గొంతు విప్పాయి. ఆమె తలా ఒక మిరపకాయ బజ్జీ కూడా పెట్టింది. ఆత్రంగా తిని, చేతులు లంగాకు తుడుచుకుని వరసలో నిలబడ్డాను.

సరిగ్గా మూల మలుపులో, నూనె వేళ్లలోంచి కుడి కట్టె జారిపోయింది. వంగితే వెనక వరస నా మీద పడుతుంది. ఎడమచేత్తోనే పప్పూ, కారెం దెబ్బలు మాత్రం వేస్తూ పోయాను. పక్కనున్న ముగ్గురూ నావైపు చూడనైనా చూడకుండా జొన్నరొట్టెలను కాస్త గట్టిగా అందుకున్నారు. మార్తమ్మ దెబ్బ వెంట్రుకవాసి కూడా కదలలేదు. లోపలివాళ్లు చిన్న అడుగులు, బయటివాళ్లు పెద్ద అడుగులు వేస్తూ, వరస తలుపు తిరిగినట్టు తిరిగింది.

రెండో బహుమతి వచ్చింది, తలా ఒక స్టీలు గ్లాసు. సారు నా కట్టెకు అంటిన మట్టిని రుమాలుతో తుడిచి ఇస్తూ, ఇంకోసారి బజ్జీలు కవాతు అయినాక తినమన్నారు. ఇదంతా నా నోట విని, ఆ ఆదివారం అవ్వ మార్తమ్మను పిలిపించి, వంటింటి గడప దాటనివ్వలేదు కానీ, అరుగు మీద తనే పక్కన కూర్చుని నెయ్యి పోసిన ఓళిగలు మూడు దాకా తినిపించింది.

ఇప్పుడు సారు లేరు, అవ్వ లేదు. డ్రమ్ములు పెట్టుకున్న గదిలో కంప్యూటర్లున్నాయి. టీచరుగా రిటైరైన మార్తమ్మ నంద్యాలలోనే మా పక్క వీధిలో ఉంటుంది. మొన్న జెండా పండగకు ఇద్దరం కలిసి ఆళ్లగడ్డ బడికి పోయాం. పిల్లలు స్పీకరులో వచ్చే బ్యాండు మోతకు ముచ్చటగా నడుస్తున్నారు. సగం మైదానం దాటారో లేదో, కరెంటు పోయింది. పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి, స్పీకరు వైపు చూస్తూ నిలబడ్డారు.

మార్తమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"కరెంటుతోపాటు కాళ్లు గూడా పోయినాయి సూడుమే."