ఎర్తు లేని గీజరు

దయ్యాలున్నాయంటే నవ్వేవాణ్ణి. పాత్రల అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి. తట్టి చూసి, ధర తగ్గించనిదే ఏదీ నమ్మేవాణ్ణి కాదు. తొంభైల చివర్లో తిరుపతిలో మా ఇంటి బాత్రూము మార్పించి గీజరు పెట్టించినప్పుడు, ఏకంగా ఎర్తు వైరునే బేరంలో ఎగరగొట్టిన మొనగాణ్ణి నేను!

పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, అక్కడి నుంచి గీజరు దాకా వైరు లాగాలన్నాడు ఎలక్ట్రీషియన్ మస్తాన్.

"నేలకు గూడా నేనే వైరు కొనియ్యాల్నా అప్పా?" అన్నాను.

"నీళ్లుండే సోటన్నా. పానాలు పోతాయి."

"పక్కింట్లో ప్లగ్గులో ఎర్తుకుండే మూడో పిన్నును న్యూట్రల్‌కే కలిపినారంట. వాళ్లేం పోయినారా? నువ్వు కలపకుంటే ఇంకొకడు కలుపుతాడు."

మస్తాన్ గొణుక్కుంటూనే కలిపాడు. అంగడికి వచ్చినవాళ్లందరికీ ఈ ఘనకార్యం చెప్పుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు తెల్లారకముందే సరుకు కోసం బస్సులో తడ అనే ఊరికి వెళ్లాను. ఇంట్లో మా అమ్మాయి సుధ బడికి వేళవుతోందని స్నానానికి వెళ్లింది. గీజరు వేసి ఉంది. తడి కాళ్లతో కొళాయి మీద చెయ్యి వేయబోతుండగా, తలుపు బయటి నుంచి నేను పిలిచానట.

"సుధమ్మా, ఒకసారి ఇట్ల రా."

విసుక్కుంటూ బయటికొచ్చి "నాయన యాడమ్మా?" అని అడిగింది. వంటింట్లో ఉన్న నా భార్యకూ నా గొంతు వినబడింది. ఇద్దరూ వీధి దాకా వెళ్లి చూశారు. ఎవరూ లేరు. తర్వాత బకెట్టు జరపడానికి లోపలికెళ్లిన నా భార్యకు కొళాయి తగిలి చెయ్యి జిల్లుమంది. కాళ్లకు రబ్బరు చెప్పులుండబట్టి బతికింది.

మస్తాన్ వచ్చి టెస్టరు పెడితే కొళాయి మీదే వెలిగింది. న్యూట్రల్ వైరు ఊడి, దానికి కలిపిన మూడో పిన్ను గుండా కరెంటు గీజరు ఒంటికి ఎక్కిందట.

వాళ్లకు నా గొంతు వినబడిన వేళకు నేను తడలో గిన్నెల ధర తగ్గించమని అరుస్తున్నాను.

సాయంత్రం ఇల్లు చేరగానే నా భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు పిలవకుంటే బిడ్డ దక్కేది కాదు. పిల్సి మళ్లా యాడికి పోయినావు?"

పెరట్లో గుంత తవ్వుతున్న మస్తాన్ తలెత్తి నా మొహం చూశాడు. మళ్లీ తవ్వసాగాడు. పిలిచింది నేను కాదని నిజం ఒప్పుకుంటే, న్యూట్రల్ సంగతీ ఒప్పుకోవాలి.

"మొదటి బస్సు తప్పిపోతే ఇంటికొచ్చినాను. రెండో బస్సుకు టైమయిందని మళ్లా పోయినాను" అన్నాను.

ఆ గొంతు ఎవరిదో ఈ రోజుకీ అంతుపట్టలేదు. సుధ మాత్రం మా నాయన పిలుపే నన్ను కాపాడిందని అత్తారింట్లో కూడా చెబుతుంది. నేను తల ఊపుతాను.

గుంతకూ, బొగ్గుకూ, వైరుకూ, కూలికీ మస్తాన్ అడిగినంతా ఇచ్చాను. ఆ బిల్లు తీరింది. అసలు లెక్క వేరే ఉంది. బిడ్డను కాపాడింది నేను కాదు. చంపబోయింది నేనే.