అమ్మ బుగ్గలోని కణాలు

చంద్రపూర్‌లో మా బడికి ప్రయోగశాల అంటే వెనక గదిలో ఒక ఇనుప బీరువా. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు సైన్స్ మేడమ్ ఆ బీరువాలోంచి మైక్రోస్కోపును పసిపాపను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చి, కిటికీ పక్క బల్ల మీద పెట్టారు. క్లాసంతా లేచి బల్ల చుట్టూ మూగాం.

ప్రాణమున్న ప్రతిదీ కణాలతోనే తయారవుతుందన్న పాఠం అప్పటికే అయిపోయింది. మాది మరాఠీ మీడియం కాబట్టి నేను చదువుకున్న మాట 'పేశీ'. పాఠం కంఠతా వచ్చింది గానీ, నిజంగా నమ్మానా అంటే చెప్పలేను. కంటికి కనిపించనిదాన్ని నమ్మడమెట్లా?

మేడమ్ ఉల్లిగడ్డ కోసి, రేకు లోపలి వైపు నుంచి పలుచటి పొర ఒలిచారు. దాన్ని గాజు పలక మీద పరిచి, అయోడిన్ చుక్క వేసి, పైన సన్నని గాజు ముక్క కప్పారు. ముందు చూసినవాళ్లు నల్లటి అంచున్న గుండ్రని బిళ్లను చూసి "పేశీ! పేశీ!" అని అరిచారు.

"అది గాలి బుడగ," అన్నారు మేడమ్ నవ్వుతూ.

నా వంతు వచ్చింది. మర మెల్లగా తిప్పాను. మసక మసకగా ఉన్నదల్లా ఒక్కసారిగా తేటపడింది. ఇటుకలు పేర్చినట్టు వరుసగా గదులు! ఒక్కో గదిలో ఒక్కో గోధుమరంగు చుక్క. రోజూ కూరలో వేసుకునే ఉల్లిగడ్డలో ఇంత కట్టడం ఉందా అని నాకు ఒళ్లు ఝల్లుమంది. పక్కనున్న స్నేహితురాలి జడ పట్టుకుని లాగి, "బఘ్, బఘ్!" అని, చూడు చూడమని మరాఠీలో అరిచాను.

బడి విడవగానే ఇంటికి పరుగెత్తాను. మా నాన్న బొగ్గు గనిలో కార్మికుడు, ఆ వేళ డ్యూటీలో ఉన్నాడు. అమ్మ రొట్టెలు చేస్తోంది.

"అమ్మా, ఇయ్యాల ఉల్లిగడ్డల పేశీలు సూసిన!"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "పేషీ ఏందే? ఎవ్వల మీద కేసు?"

మా ఇంట్లో పేషీ అంటే కోర్టు వాయిదా. మా మేనమామ పొలం గట్టు తగాదాలో రాజురా కోర్టుకు తిరిగిందంతా పేషీలకే. నాకు నవ్వాగలేదు. నవ్వాక మాత్రం చిక్కు వచ్చి పడింది. దాన్ని తెలుగులో ఏమంటారో నాకు తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా నేను తెలుగు చదువుకోలేదు. ఆసిఫాబాద్‌లో తెలుగు మీడియం చదివే మామ బిడ్డకు ఫోన్ చేశాను.

"కణం అంటరు. నడుమ ఉండేది కేంద్రకం," అంది.

కేంద్రకం! మరాఠీలోనూ అదే మాట. నాకు తెలియకుండానే ఒక తెలుగు మాట నా దగ్గర ఉన్నందుకు ఎగిరి గంతేశాను.

అమ్మకు అంతా చెప్పాను. ఆమె ఓపికగా విని, "నా ఒంట్ల గూడ ఉన్నయా గవి?" అంది.

"లెక్కలేనన్ని ఉన్నయి."

"నువ్వు సూసినవా?"

చూడలేదు. మర్నాడు బడికి వెళ్లగానే మేడమ్‌ను అడిగాను, మనుషుల కణాలు చూపిస్తారా అని. వచ్చే వారం బడిలో సైన్స్ ప్రదర్శన ఉందనీ, తల్లిదండ్రులంతా వస్తారనీ, అందులో మైక్రోస్కోపు బల్ల నన్నే చూసుకోమనీ అన్నారు.

ప్రదర్శన రోజు పొద్దున్నే చిన్న గండం వచ్చింది. కొత్త ఉల్లిపొరలో ఒక గదిలో మూడు నల్లచుక్కలు, పక్క గదిలో ఒక్కటీ లేదు. కేంద్రకాలు ఎక్కడికి పోయాయోనని కంగారుపడ్డాను. మేడమ్ వచ్చి చూసి, "బొగ్గు దుమ్ము! పలక కడుగు," అన్నారు. కిటికీ తెరిచి పెడితే మా ఊళ్లో అంతే మరి.

పదకొండు దాటాక అమ్మ కాలనీ ఆడవాళ్లతో కలిసి వచ్చింది. కొత్త పుల్ల ఇచ్చి, బుగ్గ లోపల మెల్లగా గీకమన్నాను.

"గింతమందిల నోరు తెరువాల్నా?" అని కొంగు అడ్డం పెట్టుకుని గీకింది. దాన్ని పలక మీద రాసి, నీలం రంగు చుక్క వేసి, కాసేపాగి కడిగి, ముందు నేనే చూశాను. చిరిగిన పూరేకుల్లాంటివి, ఒక్కోదాని మధ్య ముదురు నీలం చుక్క. అమ్మను ముందుకు లాగాను.

"ఏం కానొస్తలేదే. అంత నల్లగుంది," అంది అమ్మ.

"కన్ను జరంత ఎన్కకు తియ్యి."

ఆమె కన్ను కాస్త వెనక్కి జరిపి మళ్లీ చూసింది. తర్వాత గట్టిగా "అబ్బో!" అంది. "గివి నాయేనా?"

"నీయే అమ్మా."

"మరి ఉల్లిగడ్డయి గోడ కట్టినట్టు ఉన్నయి గద. నాయి గిట్ల వంకర టింకరగ ఉన్నయేంది?"

"అన్నిటికీ చుట్టూ పలుచటి పొర ఉంటది. చెట్లకు ఆ పొర మీద ఇంకో గట్టి గోడ గూడ ఉంటది. వాటికి మన లెక్క ఎముకలు లేవు గద, గా గోడలే నిలబెడతయి."

చెబుతుంటేనే ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైంది. మరాఠీలో నేను అప్పజెప్పిన వాక్యాల్లో ఎముకల మాట లేదు. అది అప్పటికప్పుడు నాకు తోచింది. పక్కనే ఉన్న మేడమ్ నేనేం చెప్పానో మరాఠీలో అడిగి తెలుసుకుని, "క్లాసులో కూడా ఇలాగే చెప్పు," అన్నారు.

అమ్మ అప్పటికే వెనక్కి తిరిగి కేకేస్తోంది. "రాండ్రి, నా కణాలు సూడుండ్రి!"

ఇక చూడాలి గోల. ప్రతి ఆడమనిషికీ తన బుగ్గే కావాలి. "నా కేంద్రకం దానికన్న పెద్దగుందా?" అని ఒకామె. తెలుగు, మరాఠీ, హిందీ మార్చి మార్చి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. బహుమతులు నిర్ణయించే పెద్దలు వచ్చి ముందుకు రాబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "లైన్ మే ఆవో సాబ్," అంది. వాళ్లు నవ్వి వరుసలో నిలబడ్డారు కూడా.

మొదటి బహుమతి గాలిమర నమూనాకు వెళ్లింది. నాకు దక్కింది ఒక పెన్ను. అంతమందికి కణాలు చూపించిన సంతోషంలో నేను బహుమతి సంగతి పట్టించుకోలేదు.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. అమ్మ ఆయనను గడపలోనే ఆపేసి, కణం, పొర, కేంద్రకం అంటూ నా మాటలన్నీ చేతులు తిప్పుతూ చెప్పేసింది. నాన్న చెప్పులు కూడా విడవకుండా అంతా విని నా వైపు తిరిగాడు.

"మరి నాయి ఎప్పుడు సూపెడతవ్ బిడ్డా?"