ఖైదీల తరఫు మనిషి

మా పెద్ద మామయ్య సిటీ బస్సులో కండక్టరు. నోరెక్కువని ఇంటా బయటా పేరు. చిల్లర దగ్గర ప్రయాణికులతో, బ్రేకు దగ్గర డ్రైవరుతో, కూరలో ఉప్పు దగ్గర అత్తయ్యతో వాదన పెట్టుకోకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు. యుద్ధమొచ్చి పాత సిపాయిలను మళ్లీ పిలిచినప్పుడు ఆయనా వెళ్లాడు. "ఈయన నోటికి దడిసి వాళ్లే తిప్పి పంపేస్తార్లే" అని అత్తయ్య గుమ్మంలో నవ్వింది. లోపలికి వెళ్లాక చాలాసేపు బయటికి రాలేదు.

మొదటి చలికాలంలోనే మామయ్య దళమంతా పట్టుబడింది. శత్రువులు వాళ్లను మూతబడ్డ ఇటుకల ఫ్యాక్టరీలో ఉంచారు. చుట్టూ ముళ్లకంచె, పైన చిల్లుపడ్డ రేకులు. ఆఫీసర్లను వేరే శిబిరానికి తరలించడంతో, తమ తరఫున మాట్లాడే మనిషిని సిపాయిలే ఎన్నుకోవాల్సి వచ్చింది. రహస్యంగా చీటీలు వేశారు. విప్పి చూస్తే అన్నీ మామయ్యకే.

"నోరున్నందుకు శిక్షరా ఇది!" అని ఆయన తల పట్టుకున్నాడట.

శిబిరం గోడకు, యుద్ధఖైదీల హక్కులు చెప్పే జెనీవా ఒప్పందం ఖైదీల భాషలోనే అంటించి ఉంది. అలా అంటించడం కూడా ఆ ఒప్పందం పెట్టిన నియమమే. ఖైదీని కొట్టకూడదు, జనం ముందు నిలబెట్టి అవమానించకూడదు. జబ్బు చేస్తే వైద్యం చేయించాలి. మందుపాతరలు తీయడంలాంటి పని, ఖైదీ తనంతట తాను ముందుకొస్తే తప్ప, చేయించకూడదు. సిపాయిలు గుంపుగా నిలబడి, ఒకడు చదువుతుంటే మిగతావాళ్లు వినేవారు.

చలి తగ్గాక ఒక పొద్దున పొలం చదును చేయాలంటూ కొందరికి పారలిచ్చి తీసుకెళ్లారు. మధ్యాహ్నం కాకముందే పేలుడు వినిపించింది. దళంలో వంటవాడి పాదం ఎగిరిపోయింది. అది మందుపాతరల పొలమని అప్పుడు తెలిసింది.

మర్నాడు పారలు మళ్లీ గేటు దగ్గరికొచ్చాయి. మామయ్య వాటికి అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరి మాటలనూ దుబాసీ అటూ ఇటూ తర్జుమా చేసి చెబుతున్నాడు.

"మావాళ్లు దిగరండి" అన్నాడు మామయ్య.

"ఇది నా ఆర్డరు!" అన్నాడు శిబిరం అధికారి.

"కట్టెలు కొట్టమనండి, కొడతాం. దొడ్లు కడగమనండి, కడుగుతాం. ఇది మాత్రం చెయ్యం. గోడ మీద అంటించింది మీరే కదండీ."

"అవి పాతింది మీవాళ్లే! మా కుర్రాళ్లు చచ్చిపోతున్నారక్కడ!" అని అధికారి అరిచాడు.

మామయ్య పారల ముందు నుంచి జరగలేదు. "మీ కుర్రాళ్ల గురించి నాకూ బాధేనండీ. కానీ నిన్న కాలు పోయినవాడు గరిటె తప్ప ఏదీ పట్టనివాడు. ఇంకొకణ్ణి పంపను."

ఆయన్ను ఒంటరి గదిలో పెట్టి తాళం వేశారు. అది చూసి సిపాయిలంతా ఉన్నచోటే బైఠాయించారు. కాపలావాళ్లు ఎన్ని కేకలేసినా ఒక్కడూ పార ముట్టలేదు.

ఆ వారంలోనే రెడ్ క్రాస్ ప్రతినిధులు శిబిరం చూడటానికొచ్చారు. ఖైదీల తరఫు మనిషి ఎక్కడని అడిగారు. గది తెరిపించక తప్పలేదు. అధికారి కూడా కుర్చీ లాక్కుని కూర్చోబోతే, వచ్చినవాళ్లలో పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "మీరు బయట ఉండాలి. ఖైదీలతో మేం సాక్షులు లేకుండా మాట్లాడొచ్చు."

తలుపు మూసుకుంది. లోపల మామయ్య ఏం చెప్పాడో ఎవరూ వినలేదు. కానీ ఆవిడ అట్నుంచటే పై అధికారుల దగ్గరికి వెళ్లింది. కొన్నాళ్లకు శిబిరం అధికారే వరండాలోకి వచ్చి ప్రకటించాడు: ఆ పని ఆగిపోయింది. వంటవాణ్ణి, గాయం పెద్దది కాబట్టి, యుద్ధం ముగియకముందే ఇంటికి పంపుతున్నారు.

ఆ సంతోషంలో ఫ్యాక్టరీ అంతా పళ్లేల మోత. స్ట్రెచరు మీద వంటవాడు మామయ్య చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వూ వచ్చెయ్" అని ఏడ్చాడట.

"నేనొస్తే వీళ్ల గొడవలెవడు పడతాడ్రా? నువ్వు పద."

యుద్ధం ఆగాక అందరినీ వదిలేశారు. అప్పటిదాకా ఆ పొలంలోకి ఇంకొక్క ఖైదీ కూడా దిగలేదు. వాళ్ల రైలు మా ఊళ్లో ఆగేసరికి ప్లాట్‌ఫాం మీద మేమంతా ఉన్నాం, చంకకర్రలతో వంటవాడూ ఉన్నాడు. సిపాయిలు మామయ్యను భుజాలకెత్తుకుని దిగారు. ఆయన గడ్డం చూసి అత్తయ్య ఏడుస్తూనే నవ్వేసింది.

"దించండయ్యా! ముందు మా ఆయనేనో కాదో చూసుకోనివ్వండి!"

ఎవరూ దించలేదు. అత్తయ్యను ముందు నడిపించుకుంటూ, స్టేషను మెట్లు దిగి, ఆయన్ను అలాగే వీధిలోకి మోసుకుపోయారు.